నాలా రోడ్డు దాటలేదు

మా ఇంటి గోడ మీద ఎర్ర రంగుతో గుర్తు పెట్టిపోయినప్పుడు నేను షాపులో ఎవరిదో ఆధార్ కార్డు జిరాక్స్ తీస్తున్నాను. పక్కింటి మేస్త్రీ భాయ్ వచ్చి చెప్పాడు.

"బెహెన్, మీ ఇంటికి, మా ఇంటికి, మన లైన్ల ఉన్న అన్ని ఇండ్లకు నిశాన్ పెట్టిన్రు. నాలా మీద కట్టుకున్నమంట. ఖాళీ చెయ్యాలెనంట."

షట్టరు సగం దించి ఇంటికి పరుగెత్తాను. రంగు ఇంకా ఆరలేదు. కొంగుతో తుడిస్తే కొంగుకు అంటింది గానీ గోడను మాత్రం వదల్లేదు. బాపు గుమ్మంలో కుర్చీ వేసుకుని ఆ గుర్తును చూస్తూ కూర్చున్నాడు. అమ్మ పోయాక ఆ ఇంట్లో మేమిద్దరమే. కంచన్‌బాగ్‌లో, రక్షణ శాఖ ఫ్యాక్టరీలో నౌకరీ చేసినన్నాళ్లు చేసి, రిటైరయ్యాక చేతికొచ్చినదంతా పెట్టి కొన్న ఇల్లది. ఆయన జీవితంలో కొన్న పెద్ద వస్తువు అదొక్కటే.

మా గల్లీ ఎలా ఉంటుందో చెప్పాలి. బాపు పనిచేసిన ఫ్యాక్టరీ ప్రహరీ గోడకు ఎదురుగా ఒక రోడ్డు వచ్చి ఆగుతుంది. గోడ వైపు తిరిగి నిలబడితే రోడ్డుకు ఎడమ చేతి వైపు మా ఇళ్ల వరస, కుడి చేతి వైపు లారీలు ఆగే ఖాళీ జాగా. మా ఇళ్ల వెనక నుంచి ఒక మురికి కాలువ పోతుంది. వంటింటి నీళ్లు, స్నానాల నీళ్లు పోవడానికి ఒకప్పుడు బస్తీవాళ్లే తవ్వుకున్నది. కొలవడానికి వచ్చినవాళ్లు అందులో నీళ్లు పారడం చూసి అదే నాలా అని రాసుకున్నారు. గోడ లోపలి గుట్టల మీద పడ్డ వాన నీళ్లను మోసుకొచ్చే అసలు నాలా వేరే ఉందని బస్తీలో అందరూ అంటారు. ఎక్కడుందో చూపించమంటే మాత్రం ఒక్కొక్కరు ఒక్కో వైపు చెయ్యి చాపుతారు.

పైగా మా లైనులో ఒక్కరికీ రిజిస్ట్రీ లేదు. పాతబస్తీలో మా వంటి వాళ్లు ఇల్లు కొనడమంటే స్టాంపు కాగితం మీద నోటరీ చేయించుకుని, నలుగురిని పిలిచి చాయ్ తాగించి, తాళం చెవి అందుకోవడమే. ఇంటి పన్ను కడతాం, కరెంటు బిల్లు కడతాం. ఆఫీసులో కూర్చున్నాయన "కాగితాలేవీ?" అంటే మాత్రం అందరం చెప్పుల వైపు చూస్తాం.

అభ్యంతరాలుంటే చెప్పుకొమ్మని పిలిచిన రోజు అదే జరిగింది. ఆఫీసరు మా నోటరీ కాగితాలను తిరగేయకుండానే పక్కన పెట్టాడు. చెడ్డవాడేమీ కాదు, మాట నెమ్మదే.

"నాలా అటు లేదు ఇటు ఉందని నోటి మాట చెప్తే నేనేం చెయ్యాలమ్మా? సర్కారు నక్ష, అదే మ్యాపు, ఏమన్నా ఉంటే తీసుకురండి, చూస్త," అన్నాడు.

తెస్తామని ఆయన అనుకోలేదు. ఆ సంగతి ఆయన మొహంలోనే కనబడింది. నాకు ఒళ్లు మండింది. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. మొండిది ఇంకాస్త బలమైనదని నా నమ్మకం. బయటికి రాగానే మేస్త్రీ భాయ్‌తో, "సర్కారు నక్షే కావాల్నంట కదా భాయ్, సర్కారు నక్షే తెద్దాం," అన్నాను. ఎక్కడి నుంచి తేవాలో అప్పటికి నాకు తెలియదు.

రోజంతా జనానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తులు నింపి పెట్టేదాన్ని, ఒక నక్ష దొరకబట్టలేనా అనుకున్నాను. వెతగ్గా వెతగ్గా తెలిసిందేమంటే, దేశమంతటికీ నక్షలు గీసే సర్కారు శాఖ ఒకటుంది, ఆ నక్షలు ఇప్పుడు ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. పేరు, ఫోన్ నంబరు ఇచ్చి నమోదు చేసుకుంటే చాలు. దేశం బొమ్మ మీద గళ్లు గీసి ఉంటాయి, మన ఊరు పడ్డ గడి మీద నొక్కితే ఆ నక్ష వస్తుంది. ఇంత తేలికైన పని ఇన్నాళ్లూ మాకెవ్వరికీ తెలియకపోవడం చూసి నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు.

చిక్కల్లా ఫోన్ నంబరుతో వచ్చింది. అలవాటు కొద్దీ షాపు నంబరు ఇచ్చాను. ఆ సిమ్ము బాపు ఫోన్‌లో ఉంటుంది. ఓటీపీ ఆయనకు పోయింది. చదివి, ఫోన్ పట్టుకుని షాపుకే వచ్చాడు.

"నక్షలోళ్లకు మన నంబర్ ఎందుకిచ్చినవ్ బిడ్డా?"

"మ్యాపు కోసం బాపు. ఓటీపీ చెప్పు."

"సర్కారోళ్ల నక్ష మనకెందుకు? ఇంట్ల ఉంచుకుంటే అడుగుతరు."

ఇక్కడ బాపు సంగతి కాస్త చెప్పకపోతే ఆయన వట్టి పిరికివాడనుకుంటారు. ఆయన ఫ్యాక్టరీలో ఏం పని చేసేవాడో నాకు ఈ రోజుకూ తెలియదు. అమ్మకూ తెలియకుండానే పోయింది. చిన్నప్పుడు బడిలో తండ్రి పని రాయమంటే "నౌకరి" అని రాసుకుని వచ్చేదాన్ని. గోడ లోపలి ముచ్చట గోడ లోపలే ఉండాలని చేరిన రోజు సంతకం పెట్టించారట. నక్షలంటే అక్కడ పనిచేసేవాళ్లకు ప్రాణభయం. మా ఇంట్లో క్యాలెండరు మీద ఇండియా బొమ్మ ఉన్నా దాన్ని తిప్పి పెట్టేవాడు. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. పింఛనుతో పాటు భయాన్ని కూడా నెలనెలా తీసుకుంటున్నాడని నేను ఎగతాళి చేసేదాన్ని.

ఓటీపీ మాత్రం చెప్పలేదు. ఆయన చాయ్ తాగడానికి పోయినప్పుడు ఫోన్ తీసి నేనే చూసుకున్నాను.

నక్ష దిగింది. తెరిచి చూస్తే సగం ఊరు ఒక్క కాగితం మీద ఉంది. పెద్దది చేసుకుంటూ పోతే మా రోడ్డు దారప్పోగంత కనబడింది. మా గల్లీ అసలే లేదు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయిందని నీరసం వచ్చింది. కానీ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూస్తే, పైకి గోడ వైపు పోయే ఆ దారప్పోగుకు కుడివైపున సన్నటి నీలి గీత ఒకటి కిందికి దిగుతోంది. నక్ష అంచున ఉన్న గుర్తుల పట్టీలో చూశాను. నీళ్లు పారే దారికి ఆ గుర్తే. మా వైపు ఏ గీతా లేదు. ఆ నీలి గీతను వేలితో పట్టుకుని కింది దాకా వచ్చాను. అది ఎక్కడా రోడ్డును దాటలేదు.

అక్కడే నాకు దారి దొరికింది. నక్ష ఎంత చిన్నదైనా కానీ, కుడి కుడే, ఎడమ ఎడమే. ఆఫీసువాళ్ల కాగితం నిజం కావాలంటే నాలా మా వైపు ఉండాలి. సర్కారు నక్షలో అది అటువైపు ఉంది, అటే పోయింది. లారీల జాగాలో ఎవరి ఇల్లూ లేదు. ఆ సంగతి ముందే చూసుకున్నాను. నా ఇల్లు నిలబెట్టుకోవడానికి ఇంకొకరి గోడ మీదికి ఆ ఎర్ర రంగును తోసేదాన్నయితే ఆ నక్షను అప్పుడే మూసేసేదాన్ని.

ఒక్క నక్షతో ఊరుకోలేదు. ఉపగ్రహాలు తీసిన బొమ్మలు, నేల ఎత్తుపల్లాల డేటా ఉచితంగా ఇచ్చే సర్కారు వెబ్‌సైటు ఇంకొకటి ఉంది. ఆ ఎత్తుల ఫైలు ఫోన్‌లో తెరుచుకోదు. దానికి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉందని తెలిసి కంప్యూటర్‌లో వేసుకుని, వీడియోలు చూసి, తిట్టుకుంటూ నేర్చుకున్నాను. చివరికి తెర మీద రంగులు వచ్చాయి. ఎత్తు నేల ఎరుపు, పల్లం నీలం. మా గల్లీ మధ్యలో ఎర్రగా ఒక గుట్ట కనబడింది. ఇన్నేళ్లూ గుట్ట మీద కాపురమున్నామా అని ఆశ్చర్యపోయాను. తీరా చూస్తే అది పక్క సందులోని నాలుగంతస్తుల బిల్డింగు. పైనుంచి కొలిచే యంత్రానికి మిద్దె ఏదో నేల ఏదో తెలియదు. ఇళ్లు ఒకదాన్నొకటి రాసుకునే మా దగ్గర ఆ లెక్క పనికిరాదని అర్థమైంది.

మేస్త్రీ భాయ్‌కి చూపిస్తే నవ్వాడు. "ఫికర్ నక్కో బెహెన్. నేలకు దిగి మనమే చూద్దం," అని పని సంచీలోంచి నీళ్ల పైపు తీశాడు. పునాదులు మట్టం చూసే పారదర్శకమైన పైపు అది. అందులో నీళ్లు నింపి రెండు కొసలూ రెండు చోట్ల పట్టుకుంటే నీళ్లు రెండు పక్కలా ఒకే మట్టానికి వస్తాయి. ఎక్కడ నేల ఎత్తో, ఎక్కడ పల్లమో ఆ పైపు దాచలేదు. ఆయన ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని గోడ దగ్గర్నుంచి రోడ్డు పొడవునా, లారీల జాగా పొడవునా కొలుచుకుంటూ వచ్చాం. జనం గుమిగూడి ఏంది లొల్లి అని అడుగుతుంటే నేను అంకెలు వేసుకుంటూ పోయాను. మా వైపు నేల ఎత్తుగా ఉంది. లారీల వైపు పల్లం. నీళ్లకు బుద్ధి ఉంటే మా వైపు ఎక్కి రావు.

నక్షలో మా భాగాన్ని పెద్దది చేసి, ముక్కలు ముక్కలుగా షాపులోనే ప్రింటు తీసి, అట్ట మీద అంటించాను. పైపుతో కొలిచిన ప్రతి చోటూ దాని మీద గుర్తు పెట్టి మట్టం రాశాను. మిగిలిన అంకెలున్న చిత్తు కాగితాలు కూడా ఆ అట్టకే పిన్ను కొట్టి పెట్టాను. ఆ పని చేస్తున్నంతసేపూ నాకు గొప్ప ధైర్యంగా ఉంది. ఆఫీసరు మొహం ముందు దాన్ని ఎలా పరుస్తానో కూడా ఊహించుకున్నాను.

రెండో విచారణ ఉన్న రోజు పొద్దున లేచేసరికి స్నానానికి నీళ్లు కాగి ఉన్నాయి. బాపు అప్పటికే బాయిలర్ వెలిగించి పెట్టాడు. మంచి రోజని తలారా పోసుకున్నాను. చీర కట్టుకుని, తల తుడుచుకుంటూ వచ్చి చూస్తే బల్ల మీద అట్ట లేదు.

"నా నక్ష ఏది బాపు?"

"కాలవెట్టిన."

నాకు అర్థం కాలేదు. మళ్లీ అడిగాను.

"గసుంటియి ఇంట్ల ఉంచేటియి కావు. మా దిక్కు చిన్న చిట్టీ ముక్క ఉన్నా కాలవెట్టి బూడిద కలిపేస్తుంటిమి. రేపు ఎవరన్న వచ్చి గోడ పక్కపొంటి నక్షలు గీసిన్రని అడిగితే? నిన్ను పట్టుకపోతే?"

బాయిలర్ కింద ఇంకా నిప్పు ఉంది. నా నక్ష కాచిన నీళ్లతోనే నేను స్నానం చేశాను. ఆ క్షణంలో నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. "ఇల్లు పోతే పోయేది నీ ఇల్లే బాపు. నీ చేతులతో నువ్వే మంట పెట్టినవ్," అన్నాను. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలోకి పోయి కూర్చున్నాడు. కోపం తగ్గాక కూడా కడుపులో దుఃఖం తగ్గలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట్లోనే ఓడిపోయాను.

ఏడ్చే తీరిక లేదు. షాపు తెరిచి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నక్ష ఎక్కడికీ పోలేదు. ఉచితంగా వచ్చింది, ఎన్నిసార్లైనా వస్తుంది. ఆ ఒక్క సంగతి ఆ పొద్దున నాకు మనిషి తోడున్నంత బలాన్నిచ్చింది. మళ్లీ ప్రింటు తీసి మళ్లీ అంటించాను. మట్టాలు మాత్రం కాలిపోయాయి. మేస్త్రీ భాయ్ పని మానుకుని పైపు పట్టుకొచ్చాడు. ముఖ్యమైన చోట్ల మళ్లీ కొలిచాం. జిగురు ఆరకుండానే ఆటో ఎక్కాం.

ఆఫీసరు ఈసారి కాగితాన్ని పక్కన పెట్టలేదు. అట్టను బల్ల మీద పరచుకుని చాలాసేపు చూశాడు. నీలి గీత మీద వేలు పెట్టి పైకి పోయాడు. పై కొసన వేలు ఆగిపోయింది.

"మంచిగనే చేసినవమ్మా. గానీ ఇక్కడ చూడు, గోడ దగ్గర్కి వచ్చేసరికి తెల్లగుంది."

నిజమే. అలాంటి ఫ్యాక్టరీల జాగాలను అందరికీ ఇచ్చే నక్షల్లో చూపించరు. గోడ దగ్గరా, గోడ లోపలా కాగితం ఖాళీగా వదిలేశారు. నీలి గీత ఆ తెలుపు దాటాకే మొదలవుతుంది.

"నాలా గోడలకెళ్లి ఎక్కడ బయటికొస్తదో నక్షల లేదు. మీ దిక్కు బయటపడి మీ ఇండ్ల ఎన్కకెళ్లి పోయిందని మా సర్వేయరంటడు. నీ గీత వేరే కాలువ అయితదని అంటడు. నాలా నీళ్లు గోడ కిందికెళ్లి బయటికొచ్చే మోరీ కుడి దిక్కు ఉన్నట్టు చూపిస్తే మీ ఇండ్ల మీది నిశాన్ నేనే తీసేయిస్త. రేపు పొద్దుగాల జాగ మీదికి వస్త."

ఆ మోరీ ఎక్కడుందో నాకు తెలియదు. గోడ వెంబడి ఎన్నిసార్లు నడిచానో. కుడివైపు గోడ పొడవునా కూలగొట్టిన ఇళ్ల మట్టి, ఇటుక ముక్కలు తెచ్చి పోసిన కుప్పలే. ఏ కుప్ప వెనక ఏముందో ఎవరు చెప్పగలరు? చెప్పగలిగినవాడు మా ఇంట్లోనే ఉన్నాడు. అన్నేళ్లు గోడ లోపల తిరిగిన మనిషికి వాన నీళ్లు ఎటు పోయి ఎక్కడ గోడ దాటుతాయో తెలియకుండా ఉంటుందా?

ఆ సాయంత్రం అన్నం పెడుతూ ఆఫీసరు అన్నదంతా బాపుకు చెప్పాను. నక్షలో గోడ దగ్గర తెల్లగా ఉందని, ఆ ఒక్కటీ తేలితే ఇల్లు నిలబడుతుందని చెప్పాను. ఆయన ముద్ద కలుపుతూ విన్నాడు.

"నాకు తెల్సినా చెప్పేది కాదు బిడ్డా," అన్నాడు. "సంతకం పెట్టిన."

అడగకుండా ఉండలేకపోయాను గానీ, అడిగినందుకు సిగ్గుపడ్డాను. ఒక మనిషి బతుకంతా నిలబెట్టుకున్న మాట అది. దాని మీద కోపం తెచ్చుకోవడానికి ఎంత ప్రయత్నించినా రాలేదు. పొద్దున్నే మేస్త్రీ భాయ్‌ని, ఇంకో ఇద్దరిని తీసుకుని పారలతో పోయి కుప్పలన్నీ తిరగేద్దాం, దొరికినంత దొరుకుతుంది అని నిశ్చయించుకున్నాను.

తెల్లారి లేచేసరికి బాపు ఇంట్లో లేడు. పాల కోసం పోయాడనుకున్నాను. ఆఫీసరు చెప్పిన దానికంటే ముందే వచ్చేశాడు. పారలూ లేవు, మనుషులూ లేరు. అట్టను చంకలో పెట్టుకుని, మేస్త్రీ భాయ్‌ని పిలుచుకుని, ఆఫీసరు, సర్వేయరు వెనకాలే గోడ వైపు నడిచాను. కుప్పలు చూపించి గడువు అడగడం తప్ప నా దగ్గర ఏమీ లేదు.

రోడ్డు కొసకు పోయి కుడికి తిరిగితే దూరంగా ఒక కుప్ప దగ్గర ఎవరో ముసలాయన గడ్డపార ఆనించి నిలబడి ఉన్నాడు. దగ్గరికి పోతే బాపు. లుంగీ పైకి కట్టుకున్నాడు, చేతులు మోచేతుల దాకా మట్టి. కుప్ప ఒక పక్కకు తెరుచుకుని ఉంది. దాని వెనక గోడ అడుగున రాతి కమాను, కమానుకు ఇనుప జాలీ. జాలీలోంచి సన్నగా నీళ్లు వస్తున్నాయి. ఆ నీళ్లు లారీల జాగా వైపు పోతున్నాయి.

ఫ్యాక్టరీ గేటు దగ్గర అడిగి, వాళ్లు సరేనన్నాకే గడ్డపార పట్టాడని ఆ తర్వాత తెలిసింది. అక్కడ ఎన్ని కుప్పలున్నాయో నాకు తెలుసు. తవ్వింది మాత్రం ఒక్కటే.

నేను పక్కకు పోయి, "చెప్పనంటివి కదా బాపు," అన్నాను.

"లోపటి ముచ్చట ఏం చెప్పిన?" అన్నాడు. "బయటి మట్టి తీసిన, గంతే."

ఆఫీసరు వంగి జాలీలోకి చూశాడు. లేచి చేతులు దులుపుకున్నాడు.

"పెద్దమనిషీ, మోరీ ఈడనే ఉన్నదని నీకెట్ల తెలుసు? లోపట పన్జేసినవా?"

బాపు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఆయన అరచేతుల మీద చర్మం లేచిపోయి ఉంది.

"నాకేం తెల్వది సార్," అన్నాడు. "మా బిడ్డ తెచ్చిన సర్కారు నక్షల ఉన్నది. గది చూసి తవ్విన."

ఆఫీసరు నా చంకలోని అట్ట వైపు చూశాడు. అందులో ఆ చోట ఏముందో నాకు తెలుసు. నిన్న ఆ తెలుపు మీద వేలు పెట్టింది ఆయనే. బాపు నా వైపు చూడకుండా, గడ్డపారకు అంటిన మట్టిని చెప్పుతో రాలుస్తున్నాడు.

"నక్షల ఉన్నదా అమ్మా?" అని అడిగాడు ఆఫీసరు.

"ఉన్నది సార్," అన్నాను.

ఆయన ఒక నిమిషం బాపు చేతుల వైపు చూసి, సర్వేయరు వైపు తిరిగి, నాలా కొలత ఇక్కడి నుంచి మొదలుపెట్టమన్నాడు.